మోతీ రొమ్ము మీది పసుపు

మొన్న సాయంత్రం మా వీధిలో పెళ్ళి ఊరేగింపుకని ఒక తెల్లగుర్రాన్ని తెచ్చి మా గేటు పక్కన నిలబెట్టారు. పెళ్ళికొడుకు ఎదురింటివాళ్ళ మనుమడు. బ్యాండువాళ్ళు ఇంకా రాలేదు, డీజే బండి కుర్రాళ్ళు వైర్లు సర్దుకుంటున్నారు. మోకాళ్ళ నొప్పులతో నేను గడప దాటడమే తక్కువ, అయినా గుర్రం వాసన తగలగానే కాళ్ళు వాటంతట అవే మెట్లు దిగాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే జీను పట్టీ కింద, ముందుకాలి వెనకాల, అరచేయంత మేర పసుపు మెత్తి ఉంది. పుండు పడిందా అని గుర్రం మనిషిని అడిగాను. "మానిందమ్మా, పసుపు వెట్టిన గద," అన్నాడు నా ముఖం చూడకుండా. నేను వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. నలభై ఏళ్ళ పైమాటే, అదే మాట అదే తీరులో నేను అని ఉన్నాను.

మా ఆర్మూర్‌లో ఆటోలు ఇంకా కాలు పెట్టని ఆ రోజుల్లో మా ఆయన టాంగా తోలేవాడు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బస్సు దిగి సంచులతో నిలబడితే ముందు మువ్వలు వినిపించేవి, తర్వాత గుర్రం కనిపించేది. మా గుర్రం పేరు మోతీ, నొసట చుక్కతో ఎర్రగా ఉండేది. నేను కాపురానికి వచ్చిన నాలుగేళ్ళ దాకా మాకు పిల్లలు లేరు, లోకానికి నోరుంది, నా ఏడుపు వినడానికి నాకు మోతీ ఉంది. నానబెట్టిన సెనగలు పెడుతూ అత్తగారి మాటా, అమ్మగారింటి మాటా అన్నీ దానితోనే చెప్పుకునేదాన్ని. అది నా కొంగు నోటితో పట్టుకొని, నమలకుండా, అలాగే నిలబడి ఉండేది. ఆయన పిలిస్తే చెవులు తిప్పేది, నేను పిలిస్తే మెడంతా తిప్పేది. ఈ సంగతి చెప్పి ఆయన నన్ను నలుగురిలో ఏడిపించేవాడు కూడా.

ఒక ఏడు, పసుపు ఉడకబెట్టే రోజుల్లోనే, కొత్త తోలుపట్టీ ఒరుసుకొని మోతీ రొమ్ము మీద పుండు పడింది. పశువుల దవాఖాన డాక్టరు పదిహేను రోజులు పట్టీ తగలనివ్వవద్దన్నాడు. మా ఆయన టాంగా మూలకు నెట్టి, ఎవరిదో చేనులో పసుపు ఉడకబెట్టే కడాయిల దగ్గర పనికి పోయాడు. పుండును ముట్టుకోనిచ్చేది నన్నొక్కదాన్నే, అందుకని వైద్యం నాకు వదిలిపెట్టాడు. పసుపు పండే ఊరు మాది, పిల్లవాడు కిందపడితే ముందు పసుపు వస్తుంది, తర్వాత తల్లి వస్తుంది. నేనూ పొద్దూ మాపూ నూనెలో కలిపి మెత్తేదాన్ని. మండేదేమో, చర్మం జలదరించేది, కాలు మాత్రం కదిపేది కాదు. రోజూ పని నుంచి రాగానే ఆయన అడిగే మొదటి మాట, ఎట్లుంది అని.

సరిగ్గా పదో రోజున వేల్పూర్‌లో మా చెల్లెలి పెళ్ళి. మావాళ్ళు చేను, ఎడ్లు ఉన్నవాళ్ళు. నన్ను ఆర్మూర్‌లో ఇచ్చినప్పుడు మా వదిన అందరి ముందూ నవ్వుతూ, టాంగా ఎనక సీటు మన ఆడిబిడ్డకు ఖాయమైంది అన్నది. అది నా కడుపులో ముల్లులా ఉండిపోయింది. ఆ టాంగాకే మువ్వలు కట్టి, మోతీ నొసట కుచ్చు పెట్టి, పట్టుచీర కట్టుకొని, వదిన వాకిట్లో దిగాలని నాకు పిచ్చి కోరిక. ఆయన ముందునాడే బస్సులో పోదామన్నాడు. నేను మువ్వలు తోమి పెట్టాను. పొద్దున లేచి పుండు నిండా చిక్కగా పసుపు పట్టించి, ఆరనిచ్చి, మేకప్పు చేసినట్టు నున్నగా చేశాను.

"మానిందా?" అన్నాడాయన.

"మానింది," అన్నాను.

నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, మోతీ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? పసుపు మీద నమ్మకంతో అలా అన్నానని చాలాకాలం నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ నిజంగా మానిందనే అనుకుంటే, నా పాత నీలం నూలుచీర చింపి, నాలుగు మడతలు వేసి, ఆయన చూడకుండా పట్టీ కింద ఎందుకు పెట్టాను? ఈ వయసులో ఇక దాచేదేముంది, నాకు తెలుసు.

సగం దారి మువ్వలు బాగానే మోగాయి. దారి ఎత్తెక్కే చోట మోతీ ఆగింది. ఎన్నడూ దారిలో ఆగి ఎరగదు. కళ్ళకు పక్కన తోలుమూతలు ఉంటాయి కనుక మెడంతా వెనక్కి తిప్పి నా వైపు చూసింది. ఆయన కొరడా ముట్టుకోలేదు, దీనికేదో అయింది, దిగి చూస్తానని పగ్గం వదలబోయాడు. దిగితే మడతగుడ్డ చూస్తాడు. ఒళ్ళో సారె గంప పట్టుకొని నేను వెనక నుంచే అన్నాను, "నడువు బిడ్డా, మోతీ, నడువు." అది మెడ ముందుకు తిప్పుకొని నడిచింది. కొడితే నడిచి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

కోరుకున్నట్టే వదిన వాకిట్లో దిగాను, కోరుకున్నట్టే అందరూ చూశారు. అప్పుడు మా ఆయన పట్టీ విప్పాడు. గుడ్డ పుండుకు అతుక్కుపోయి ఉంది, లాగేసరికి పసుపూ నెత్తురూ కలిసి మోతీ కాళ్ళ మీదికి కారింది. ఆయన ఆ నీలం గుడ్డ కొసను వేళ్ళతో పట్టుకొని ఒక్క క్షణం చూశాడు. ఎవరి చీరో ఆయనకు తెలియదా. మా అన్న వచ్చి అందరూ వినేటట్టు అడిగాడు, "గిట్ల తోల్తరా బావా, నోరులేని జీవిని?" మా ఆయన గుడ్డను జేబులో పెట్టుకున్నాడు. "నేనే సరిగ చూస్కోలే బావా," అన్నాడు. నేను పట్టుచీరలో పక్కనే నిలబడి, నోరు మెదపలేదు.

ఆ పుండు చీము పట్టి, నెలలు తీసుకుని, గట్టి కాయలా మానింది. మోతీ మళ్ళీ పట్టీ మోయలేదు. టాంగా పోయింది, మోతీని మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు, చచ్చేదాకా మా వాకిట్లోనే ఉంది. నేను పసుపు గిన్నె పట్టుకొని వెళితే అప్పుడు కూడా కాలు కదపకుండా నిలబడి, నా కొంగు నోట పట్టుకునేది. ఆయనా అంతే, ఒక్కనాడు ఆ మాట ఎత్తలేదు. ఇద్దరిలో ఒక్కరైనా నన్ను కరిచి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆయన పోయి ఆరేళ్ళయింది. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే చెప్పకుండా పంపించాను.

మొన్న ఆ తెల్లగుర్రం పట్టీ కింద కూడా మడత పెట్టిన గుడ్డ కనిపించింది. అబద్ధమాడుతున్నావు బాబూ అనడానికి నాకు నోరెక్కడిది? బ్యాండు మొదలైంది, పెళ్ళికొడుకును ఎక్కించారు, గుర్రం కదలలేదు. ఆ మనిషి దాని చెవి దగ్గర వంగి ముద్దుగా ఏదో అన్నాడు. అది నడిచింది.

ఊరు ఎంతో మారింది. టాంగాలు నిలిచిన చోట ఆటోలు నిలుస్తున్నాయి, ఆగితే మెకానిక్కు వస్తాడు, ఏ బండీ మెడ తిప్పి మన ముఖం చూడదు. మర్నాడు పొద్దునే చీపురు పట్టుకొని గేటు దగ్గరికి వెళితే, గుర్రం నిలబడ్డ చోట గచ్చు మీద పసుపు మరక ఉంది. ఊడ్వలేకపోయాను. నేనే సరిగ చూస్కోలే అని, ఇంట్లో ఎవరూ లేవకముందు, పైకి వినబడేటట్టు అన్నాను. వినవలసిన ఇద్దరూ లేరు.