కార్డు మీది రెండో చీటీ

పోయిన వారం మా పేట గ్రంథాలయంలో పుస్తకాలకు బార్‌కోడ్లు అంటిస్తున్నారు. ఒక అమ్మాయి చుట్టలోంచి చీటీలు జంటగా చింపి, ఒకటి పుస్తకానికి అంటించి, రెండోది బుట్టలో పడేస్తోంది. అదెందుకు పారేస్తున్నావమ్మా అని అడిగాను. "ఎక్స్‌ట్రా అండీ. అంతా కంప్యూటర్లో ఉంటుంది కదా," అంది. ఆమె తప్పేం లేదు. కంప్యూటర్ల వైర్లు పీకి లారీ ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందో ఆమె చూసి ఉండదు. నేను చూశాను. ఆ రోజు నా పక్కన నిలబడ్డ మనిషి ఈ వేసవిలో రాయచోటి దగ్గర తన ఊళ్ళో పోయాడు.

కువైట్ సిటీలో ఒక గ్రంథాలయంలో నేను అసిస్టెంటును. అతను అక్కడ క్లీనర్. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, అతను ఎంత చెప్పినా మేడం అనడం మానలేదు. 1990లో, యుద్ధానికి కొన్ని నెలల ముందే మాకు బార్‌కోడ్లు వచ్చాయి. మా పైఅధికారి కువైటీ ఆవిడ, కంప్యూటర్ కొన్నదీ ఆవిడే, దాన్ని నమ్మనిదీ ఆవిడే. అందుకే చీటీలు జంటలుగా తెప్పించింది. ఒకే నంబరు రెండు చీటీల మీద ఉంటుంది. ఒకటి పుస్తకం లోపలి పేజీకి, రెండోది అరల వరుసలో పుస్తకాల వివరాలు రాసి పెట్టుకునే కార్డుకు. మేం అంటించినవి వంకరగా ఉన్నాయని వారం రోజులు చూసి, చివరికి నేల తుడుస్తున్న అన్నను పిలిచి కూర్చోబెట్టింది. ఊళ్ళో బీడీ కట్టలకు లేబుళ్ళు అంటించిన చెయ్యి అది. స్కేలు పెట్టి గీసినట్టు వచ్చేవి. చదువుకున్న నలుగురం అతనికి పుస్తకాలు అందించేవాళ్ళం. "నా రాతలో ఇన్ని బుక్కులుండాయని మా అయ్యోరికి తెలిస్తే బెత్తం ఇరగ్గొట్టుకుంటాడు మేడం," అనేవాడు. ఇంగ్లీషు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. నంబరు సరిచూడకుండా ఒక్కటీ అంటించలేదు.

పని సగమైందో లేదో ఇరాకీ సైన్యం ఊళ్ళోకి వచ్చింది. కొన్నాళ్ళకు ఉద్యోగులంతా పనిలోకి రావాలని హుకుం. నేను ఊరికి దూరంగా మేముండే ఫింటాస్ నుంచి చెక్‌పోస్టులు దాటుకుంటూ వెళ్ళేదాన్ని. మా పైఅధికారి రాలేదు. సైనికులకు దొరక్కుండా రెండు రోజులకొక ఇంట్లో ఉంటోందని విన్నాం. ఒకరోజు ఫోన్ చేసి, పక్క వీధి గ్రంథాలయం ఖాళీ అయిందనీ, మాదీ అవుతుందనీ చెప్పింది. పుస్తకాలను మనం ఆపలేం, కార్డులుంటే ఎప్పటికైనా ఇవి మావే అని నంబరు చూపించి అడగొచ్చు అంది. వెంటనే, ఇది మీ దేశం కాదు, చేయకపోయినా నేనేమీ అనుకోను అంది. ఆ రెండో మాట అనకపోతే ఒప్పుకునేదాన్ని కానేమో. ఇంట్లో మావారు, "ఇండియాకు పంపే బస్సుల లిస్టులో పేరొస్తే వెళ్ళిపోయేవాళ్ళం, అట్టముక్కల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా," అన్నారు. తెల్లారి మళ్ళీ చెక్‌పోస్టులు దాటుకుంటూ పనిలోకి వెళ్ళాను.

అన్నకు చెబితే, "చెత్త నేనే కదా మోసేది," అన్నాడు. అంతే. రోజుకొక సొరుగు. కార్డులు కట్టలు కట్టి, నల్ల చెత్త సంచిలో అడుగున పెట్టి, పైన పాడైన కూరగాయలు వేసి తన గదికి తీసుకుపోయి మంచం కింద దాచేవాడు. దాచిపెట్టి దొరికినవాళ్ళను ఏం చేస్తున్నారో అప్పటికి ఊరంతటికీ తెలుసు.

చివరి సొరుగు రోజు పొద్దున అతను సంచి మూతి కడుతుండగా లారీలు వచ్చాయి. ముందు కంప్యూటర్లు పోయాయి. సైనికుల వెంట మామూలు బట్టల్లో ఒక మనిషి ఉన్నాడు. నలిగిన చొక్కా, కళ్ళద్దాలు. అతను అర దగ్గరకు వెళ్ళి పుస్తకాన్ని అందరిలా వీపు పైఅంచు పట్టి లాగలేదు. పక్క పుస్తకాలను లోపలికి నెట్టి నడుం పట్టుకుని తీశాడు. ఇతనిది మా వృత్తే. సైనికులకు అక్కర్లేనివి ఇతను అడుగుతాడు.

అడిగాడు. కార్డుల సొరుగులు తెరిచి, ఖాళీగా ఉంటే, "కార్డులేవి?" అన్నాడు ఇంగ్లీషులో. ఇంకా తయారు చేయలేదు, అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి అన్నాను. అతను చేతిలోని పుస్తకం తెరిచి బార్‌కోడు చూశాడు. ఒక అంచు నున్నగా, రెండో అంచు పళ్ళుపళ్ళుగా ఉంది. ఆ అంచును గోటితో నెమ్మదిగా గీరాడు. దానికి జంట ఉండేదని తెలియడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. తల ఎత్తి నన్ను చూశాడు, తర్వాత అన్న చేతిలోని సంచిని చూశాడు. తలుపు దగ్గర సైనికుడు కూడా అటు చూశాడు.

"అదేమిటి?" అన్నాడు కళ్ళద్దాలాయన అరబ్బీలో.

"జిబాలా, సార్," అన్నాడు అన్న. చెత్త. గొంతు మామూలుగానే ఉంది. సంచి మాత్రం సన్నగా గరగరమంటోంది.

సైనికుడు ఒక అడుగు వేశాడు. కళ్ళద్దాలాయన అతనికి అడ్డంగా నడిచి బల్ల దగ్గరకు వచ్చి, కాగితం మీద ఏదో రాస్తూ, కార్డులు లేవు అని పైకే చదివాడు. అన్న వైపు చూడకుండా, "యల్లా, ఇక్కడ కంపు కొడుతోంది, తీసుకుపో," అన్నాడు. అన్న వెళ్ళాడు. పరుగెత్తలేదు. ఆ నడక ఎంత పొడుగో నాకు ఇప్పటికీ కొలత తెలియదు.

మేం బస్సులో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి ఇంటికి వచ్చేశాం. అన్న పాస్‌పోర్టు కంపెనీ వాళ్ళ దగ్గర ఇరుక్కుని అక్కడే ఉండిపోయాడు, ఆ మంచం పైనే, ఆ కట్టల పైనే. యుద్ధం ముగిశాక ఇరాక్ నుంచి కొన్ని పుస్తకాల పెట్టెలు తిరిగి వచ్చాయట. అతను ఫోన్ చేసి చెప్పాడు: "మన కువైటీ ఆయమ్మ, నేను కూకోని కార్డుకూ బుక్కుకూ జత పెడతాండాం మేడం. శానా వాటికి జత రాలే. వచ్చినకాడికి మనవే అని రాసిచ్చినారు." ఆ కళ్ళద్దాలాయన ఎందుకట్లా చేసినాడు మేడం అని కూడా అడిగాడు. తెలీదన్నా అన్నాను.

మొదట్లో ఆ మనిషిని తలచుకుంటే భయమేసేది. తర్వాత చాలా ఏళ్ళు, అన్ని పుస్తకాలు మోయించుకుపోయాడని కోపం. ఇప్పుడు అన్న కూడా పోయి, అతన్ని ఆ రోజు చూసిన ఇద్దరిలో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి ఆ కళ్ళద్దాలాయన ముఖం తరచుగా గుర్తొస్తోంది. అప్పుడు మధ్యవయసు వాడనుకున్నాను. ఏడాదికేడాది నా వయసు ముందుకు పోతుంటే అతను చిన్నవాడై, భయపడుతున్న కుర్రాడిలా కనిపిస్తున్నాడు.