అద్దం బావ చూపుడువేలు

మా అక్కయ్య మొగుణ్ని ఊరంతా అద్దం బావ అనేది, వరస కానివాళ్లతో సహా. ఆయనది చెక్కసామాను పాలిష్ పని. ఆయన చెయ్యి పడిన బల్ల మీద ఈగ వాలితే కాలు జారేది. ఒకసారి ఓ పిల్లి ఆయన పాలిష్ పెట్టిన బీరువా తలుపులో తన మొహం చూసుకుని, పరాయి పిల్లి అనుకుని మధ్యాహ్నమంతా పోట్లాడి, చివరికి ఓడిపోయి వెళ్లిపోయింది. నేను చెప్పేదాంట్లో సగం తీసేయండి. మిగతా సగం నిజం.

ఆ మెరుపంతా ఒక్క వేలి చలవ. ఉప్పుకాగితం రుద్దీ రుద్దీ ఆయన రెండు చేతులూ కాయలు కాసిపోయాయి. కుడి చూపుడువేలిని మాత్రం ఆయన ఆ పనికి రానిచ్చేవాడు కాదు. రుద్దుతున్నంతసేపూ దాన్ని అల్లుడిగారిలా విడిగా ఎత్తి పెట్టేవాడు. రుద్దడం అయ్యాక కళ్లు మూసుకుని, ఆ వేలి కొసను చెక్క మీద మెల్లగా నడిపించి, "ఇదిగో, ఇక్కడుంది దొంగ" అనేవాడు. మన కంటికీ చేతికీ అందని గరుకు ఆ వేలికి అందేది.

సరిగ్గా ఆ వేలి కొసనే పులిపిరి లేచింది. మొదట ఆవగింజంత. పోనుపోను వేలికి టోపీ పెట్టినంత అయ్యింది. గరుకు తెలియడం తగ్గింది. బేరాలు తగ్గుతాయేమోనని అక్కయ్య బెంగపడి, ఆయన్ని చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. తోడు నేను.

డాక్టరమ్మ చిన్న సీసా రాసిచ్చింది. మూతకే బుల్లి బ్రష్షు ఉంది. "ఇది వైరస్ వల్ల వచ్చేది. పడుకోబోయే ముందు వేలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, బాగా తుడుచుకోండి. చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాజిలీన్ రాయండి. పులిపిరి మీద మాత్రమే పలచగా ఒక్క పూత. కట్టు కట్టొద్దు. రక్తం వచ్చేలా గీకితే పక్కవేళ్లకి అంటుకుంటుంది. బాగా మండినా, పుండు పడినా మందు ఆపేసి నా దగ్గరికి రండి. తొందరపడకండి, వారాలు పడుతుంది."

బయటికొచ్చాక బావ సీసా మూత తీసి వాసన చూశాడు. అచ్చం పాలిష్ వాసన. మొహం వెలిగింది. "ఇది మన సరుకేరా! నాకే బ్రష్షు పట్టడం నేర్పుతోంది ఆవిడ!"

"నేర్పింది బ్రష్షు కాదు బావా, మందు."

"నువ్వూరుకో బామ్మర్దీ. ఒక్క కోటింగుకి ఏ చెక్క లొంగింది?"

ఇంటికెళ్లి తన విద్యంతా ఆ వేలి మీద చూపించాడు. కింద పొర పోతేగాని పైది పట్టదని ఉప్పుకాగితంతో నెత్తురు చిమ్మేదాకా రుద్దాడు. జిడ్డు తగిలిన చోట పాలిష్ నిలవదని వాజిలీన్ మూత కూడా తియ్యలేదు. ఒక పూత ఆరాక మరోటి, అది ఆరాక ఇంకోటి. దుమ్ము పడకుండా పైన ప్లాస్టిక్ కాగితం చుట్టాడు.

"ఏవండీ, మండితే ఆపమంది కదా ఆవిడ" అంది అక్కయ్య, ఆయన పళ్లబిగువు చూసి.

"మండుతోందంటే లోపలికి దిగుతోందన్నమాటే. కంగారుపడకు."

వారం తిరిగేసరికి అక్కయ్య ఇక ఉండలేక, ఆయన అరుస్తున్నా వినకుండా ఆ ప్లాస్టిక్ ఊడబెరికింది. వేలికొస తెల్లగా ఉడికిపోయి ఉంది. మధ్యలో గుంట. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ ఆ వేలిని వెలుతురులోకి తిప్పి చూసింది. "ఎన్ని పూతలు వేశారు?" అంది.

"ప్రతిదీ ఆరాకే వేశానమ్మా" అన్నాడు బావ, తల వంచుకుని.

పుండు మానింది. దాని చోట దళసరి మచ్చ మిగిలింది. దాని మీద సూది పెట్టినా ఆయనకు తెలిసేది కాదు. పైగా ఆ రుద్దుడుకి పక్క వేళ్లు రెండింటికీ కొత్త పులిపిర్లు లేచాయి. డాక్టరమ్మ మళ్లీ అదే మందిచ్చింది. ఈసారి సీసా అక్కయ్య చేతిలో ఉంది. చుట్టూ వాజిలీన్, మధ్యలో పలచగా ఒక్క పూత, తర్వాత తన చేతులు సబ్బుతో కడుక్కోవడం, సీసాను పొయ్యికి దూరంగా పై అరలో పెట్టడం. వారాలు పట్టిందిగాని రెండూ జాడ లేకుండా పోయాయి. ఆ రెండు వేళ్లు ఉండీ ఏం లాభం? వాటికి ముందునుంచీ ఏమీ తెలియదు.

అప్పుడు వకీలుగారి రాతబల్ల వచ్చింది. బావ రుద్దేవాడు, అక్కయ్య వేలితో తడిమేది. "ఇక్కడ గరుకుందండీ." మళ్లీ రుద్దేవాడు. "ఇక్కడా ఉంది." మళ్లీ రుద్దేవాడు. ఆయన నడుం పట్టుకుని లేవడం చూసి, ఓ సాయంత్రం ఆవిడ, "అయిపోయిందండీ. నున్నగా ఉంది" అంది.

బల్ల తిరిగొచ్చింది. రాస్తుంటే గరుకు చోట కలం పాళీ గుచ్చుకుని దస్తావేజు చిరిగిందట. వకీలుగారు బండివాడితో పంపించేశారు. నేనున్నాను అక్కడ. బావ బల్లంతా తడిమాడు, చివరినుంచి చివరిదాకా. ఏమీ దొరకలేదు.

"ఎక్కడే?" అన్నాడు.

అక్కయ్య ఆయన వేలు పట్టుకుని ఒక చోట ఆనించింది. "ఇక్కడ."

"నీకు అప్పుడే తెలుసా?"

ఆవిడ ఆయన నడుం వంక చూసింది. ఆయన కోప్పడలేదు. ఆ చోటనే వేలు నొక్కిపెట్టి, తలుపు తీస్తారేమోనని పరాయి గుమ్మంలో నిలబడ్డవాడిలా అలాగే ఉండిపోయాడు.

ఇప్పుడు ఆయన వేరేవాళ్ల కొట్లో పనిచేస్తున్నాడు. మొన్న వెళ్లాను. పాత కుర్చీకున్న రంగు గీకుతున్నాడు, మోచేతులదాకా పొట్టు.

"పని ఎలా ఉంది బావా?"

"ఊడగొట్టడమే కదరా" అన్నాడు తలెత్తకుండా. "దీనికి భుజాలుంటే చాలు."