పుట్టింటి చీర అడిగితే ఫోను మోగాలి

మా అత్తగారు పోయారు. తెనాలిలో మా చీరల కొట్టు షట్టరు ఎత్తుతుండగా బాపట్ల నుంచి ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, అమ్మ ఎంత లేపినా లేవట్లేదు" అంది. ఆ తర్వాత అంతా ఏడుపే. కూతురి దగ్గర నాలుగు రోజులుండి వస్తానని వెళ్ళిన మనిషి. బయల్దేరేటప్పుడు కూడా కొట్టు అద్దాల మీద దుమ్ము చూపించి నన్ను చెడామడా తిట్టే వెళ్ళారు. ఇక నన్ను తిట్టేవాళ్ళెవరని అద్దం తుడుస్తున్నప్పుడల్లా కళ్ళు నిండుతున్నాయి.

మా కొట్టులోకి ఏఐ రావడానికి నేనో మా ఆయనో కారణమని ఊళ్ళో అందరూ అనుకుంటారు. కాదండి. మేమిద్దరం వెనకాముందాడుతుంటే ముందుకు తోసింది ఆవిడే. "కొట్టుకొచ్చి పది చీరలు విప్పించి, కొనకుండా వెళ్ళాలంటే ఆడపిల్లకి మొహమాటంగా ఉంటుందే. దీన్ని ఎంత విసిగించినా ఏమీ అనుకోదు కదా, పెట్టండి" అన్నారు. పెట్టాం. ఫోనుకి మెసేజీ వస్తే చీరలు చూపించడం, రంగులు చెప్పడం, ఆర్డరు రాసుకోవడం దాని పని. ఆవిడ దానికి కొత్త కోడలని పేరు పెట్టారు. "పాత కోడలికి ఒకటికి రెండుసార్లు చెప్పాలి. కొత్త కోడలు చెప్పగానే చేస్తుంది, మూతి కూడా తిప్పదు" అని వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను ఆటపట్టించేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆ కొత్త కోడలు పండక్కి ఏ రంగులు అమ్ముడుపోతాయో చెబితే మాత్రం చూపుడు వేలు ఆడించి, "నువ్వు పోయినేడు అమ్మినవి చెబుతున్నావ్. మొన్న కొనకుండా వెళ్ళినవాళ్ళు ఏం అడిగారో నన్నడుగు" అనేవారు. ఇద్దరి మాటా కలిపి సరుకు తెప్పించేవాళ్ళం.

అది జవాబులు మర్యాదగా చెప్పాలని, ఆవిడ ఖాతాదారులకి పంపిన మాటలన్నీ దానికి నేర్పించాం. అది అచ్చం ఆవిడలాగే మాట్లాడేది. కొన్న ప్రతి ఆడమనిషినీ ఆవిడ ఒకే మాటతో సాగనంపేవారు, "పసుపు కుంకుమలతో చల్లగా ఉండమ్మా" అని. అదీ నేర్చుకుంది.

ఒకరోజు కొట్టు కట్టేశాక పిట్టలవానిపాలెం నుంచి ఒకావిడ మెసేజీ పెట్టింది. "మావారు పోయారండి. ఎల్లుండి పెద్దకర్మ. మా పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. పుట్టింటి చీర నేనే కొనుక్కోవాలి. నేతచీరల్లో చూపించండి." భర్త పోయిన మనిషికి పెద్దకర్మ నాడు పుట్టింటివాళ్ళు చీర పెట్టడం మా వైపు ఆనవాయితీ. అన్నో తమ్ముడో తేవాలి. ఎవరూ లేని ఆ మనిషి మిషన్ని అడిగింది. అది చక్కగా చీరలు చూపించి, ఆర్డరు తీసుకుని, చివర్న రాసింది: పసుపు కుంకుమలతో చల్లగా ఉండమ్మా.

పొద్దున్నే అది చదివి అత్తగారు ఉన్నచోటే కూలబడిపోయారు. "అయ్యో, నా నోటి మాటే కదే ఇది!" మా ఆయన హడలిపోయి, ఈ మిషన్ని తీసేద్దామమ్మా అన్నారు. ఆవిడ కస్సుమన్నారు. "దాన్నెందుకురా తీసెయ్యడం? చావంటే ఏంటో దానికేం తెలుసు? తెలిసినవాళ్ళం మనం ఎక్కడ పడుకున్నాం?"

ఆ పూటే చీర తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. ఆ ఇంటి తలుపు తీసిన మనిషి, ఎవరండీ మీరు అని అడిగింది. "నీ పుట్టింటి నుంచి వచ్చామమ్మా. నీకు పెద్దమ్మననుకో" అంటూ ఆవిడ లోపలికెళ్ళారు. "నిన్న నీకా మాట రాసింది మిషనే అయినా, మాట నాదే తల్లీ. నన్ను క్షమించు" అన్నారు. ఆమె అత్తగారి పమిట పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళి, పెద్దకర్మలో ఆ చీర ఆవిడే ఆమె భుజాన కప్పారు. తిరిగొచ్చేటప్పుడు వెళ్ళొస్తామని అనకూడదు కాబట్టి, గుమ్మం దగ్గర ఆమె చెంప నిమిరి వచ్చేశారు.

ఆ తర్వాత కొత్త కోడలికి మాతో కొత్త పాఠం చెప్పించారు. పెద్దకర్మ, దినం, పుట్టింటి చీర, ఈ మాటల్లో ఏది కనబడినా అది జవాబివ్వకూడదు, ఆవిడ ఫోను మోగించాలి. మోగితే చేతిలో ముద్ద వదిలేసి మాట్లాడేవారు. ఎవరూ లేనివాళ్ళయితే చీర పట్టుకుని వెళ్ళేవారు. ఒకసారి వర్తకుల మీటింగులో, ఏఐతో వ్యాపారం ఎలా చెయ్యాలో రెండు ముక్కలు చెప్పండమ్మా అని మైకు ఇచ్చారు. "అడిగినదానికి అది చెబుతుందండి. అడగలేనివాళ్ళ సంగతి మనం చూసుకోవాలి" అని చెప్పి, మైకు ఇచ్చేసి కూర్చున్నారు. నిజంగానే రెండు ముక్కలు.

మరి ఇప్పుడు ఆ ఫోను నా దగ్గరుంది. బేరమాడమంటే ఎంతైనా ఆడతాను గానీ, ఏడుస్తున్న మనిషితో మాట్లాడటం నాకు చేతకాదు. ఆవిడ మాట్లాడుతుంటే పక్కన బొమ్మలా నిలబడేదాన్ని. మైల తీరి కొట్టు తెరిచిన వారంలోనే మోగింది. రేపల్లె అవతల అడవులదీవి నుంచి. ఎత్తేలోపల ఆగిపోయింది. మెసేజీ చూస్తే సముద్రంలో భర్త పోయిన మనిషి. తనవాళ్ళెవరూ లేరట.

మా ఆయన నా మొహం చూసి, "పోనీ మిషన్నే రాయమందాం. ఇప్పుడు బాగా నేర్చుకుంది కదా" అన్నారు. రాయించారు కూడా. చదివితే ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పంపేద్దామనే అనుకున్నాను. కానీ ఆవిడ పోయిన రోజు నాకూ అలాంటి చక్కటి మెసేజీలు బోలెడు వచ్చాయి. ఒక్కటీ గుర్తు లేదు. బాపట్లలో ఎవరో పక్కింటి ముసలావిడ నా పక్కన చతికిలబడి, ఏమన్నా తిన్నావా అమ్మా అని అడగడం గుర్తుంది.

రేపల్లె దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను. చెప్పాల్సిన మాటలు దారి పొడవునా మనసులో వల్లెవేసుకున్నాను. గుమ్మంలోకి వెళ్ళేసరికి ఒక్కటీ నోట్లోకి రాలేదు. గోడవారగా చాప మీద కూర్చున్న ఆమె తలెత్తి నా వైపు చూసింది. చీర పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"నాకు మాట్లాడటం రాదమ్మా. ఇలాంటప్పుడు మా అత్తగారు మాట్లాడేవారు. ఆవిడ పోయారు" అన్నాను. అంతే, ఎన్నాళ్ళనుంచో బిగబట్టుకున్న ఏడుపు తన్నుకొచ్చేసింది. ఓదార్చడానికి వెళ్ళినదాన్ని నేనే ఏడుస్తున్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. తర్వాత గోడవైపు కొంచెం జరిగి, చాప మీద నాకు చోటిచ్చింది.