అడిగి తెచ్చిన మేకలు

ఈ ఉదయం తడి కట్టెల పొగ కళ్లలో పడింది. హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు ముసురులో పొయ్యి రాజేయబోయి దగ్గుతున్నారు. వాళ్లకు గుట్టల్లో, అడవుల్లో మసలుకోవడం నేర్పడమే నా ఉద్యోగం. ఎలా రాజేయాలో చెప్పాల్సిన నేను పొగ మీద నెపం పెట్టి అటు తిరిగి ఏడ్చాను. మా మేనత్త ముత్తమ్మ పోయాక ఇదే మొదటి వానాకాలం.

మాది నార్కట్‌పల్లి అవతల ఊరు. బడి సెలవులొస్తే నేను అత్త మేకల వెంట గుట్ట మీదే ఉండేదాన్ని. ఒకసారి వానలో మంట అంటుకోక కట్టెను విసిరికొడితే, ఆమె దాన్ని తెచ్చి మళ్లీ నా చేతిలో పెట్టింది. "కట్టె మీద అలిగితె అన్నం ఉడుకుతదా? పైన తడిసింది గని లోపట పొడిగనే ఉంటది. చెక్కు." చెక్కాను, మంట లేచింది. ఆమె మెచ్చుకోలేదు, జొన్నరొట్టెలో పెద్ద ముక్క నాకిచ్చింది.

పెద్దయ్యాక అదంతా మరిచిపోయాను. చౌటుప్పల్ మందుల కంపెనీలో షిఫ్టులు, బస్సు, నిద్ర. తలస్నానం చేసినా జుట్టులోంచి మందుల వాసన పోయేది కాదు. ఒక సెలవు నాడు వానలో ఊరికే గుట్టెక్కి, కట్టె చెక్కి మంట వేసుకున్నాను. చేతులు ఏమీ మరిచిపోలేదు. ఎంత సంతోషమేసిందో! ఆ తర్వాత కంపెనీలో మనసు నిలవలేదు. మానేసి, శిక్షణ తీసుకుని ఈ పనిలోకి వచ్చాను.

మొదటి శిబిరం మా గుట్ట మీదే పెట్టాను. అత్త రావాలని నా పట్టు. అప్పటికి గుట్టను సగం కంకర మిల్లు తినేసింది. మేత లేక ఆమె మేకలన్నీ అమ్ముకుంది. మళ్లీ అటు అడుగు పెట్టలేదు.

"జీవాలు లేకుంట గుట్టకు ఎవలు పోతరే? నలుగురు నవ్వుతరు," అంది.

మేకలు కాసే మావాళ్లకు అదొక పట్టింపు. బతిమాలి బతిమాలి, చివరికి పక్కింటివాళ్లను అడిగి రెండు మేకలు తెచ్చి ఆమె వాకిట్లో కట్టేశాను.

"ఎవలియే గివి?"

"ఇయ్యాల్టికి నీయే అత్తా."

"ముసలిదాన్ని ఆగం చేస్తున్నవ్," అని తిడుతూనే కర్ర అందుకుంది. ఆ రోజంతా గుట్ట మీద పిల్లలకు అది చూపించి, ఇది చూపించి నవ్వుతూనే ఉంది. అమ్మేసిన తన మేకల పేర్లతో ఆ రెండింటినీ పిలిచింది. పొద్దుగూకాక తానే తోలుకుపోయి పక్కింట్లో కట్టేసి వచ్చింది.

తెల్లారి వెళ్తే, ఖాళీ దొడ్డి ఊడ్చి అక్కడే కూర్చుని ఉంది.

"మళ్ల తేకు బిడ్డా. ఇంకోపారి తెస్తె తిరిగి ఇయ్యలేను."

"ఇయ్యకు. నేను కొనిస్త అత్తా."

"కొంటవు. ఏడ మేపాలె?"

ఈ ఎండాకాలం జ్వరంతో దవాఖానకు పోయిన అత్త తిరిగి రాలేదు.

మిగిలిన సగం గుట్ట మీదికి పిల్లలను తీసుకుపోతూనే ఉన్నాను. అవతలి సగం ఏమైందని వాళ్లు అడుగుతారు. మా అత్త సంగతి చెప్పడం మొదలుపెడతాను. 'ఏడ మేపాలె' అని ఆమె అడిగిన ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను.