ఎంతకు కొన్నారో చెప్పమన్న ఎస్తేరమ్మ

ఎస్తేరమ్మ గారు ఇక లేరన్న వార్త నాకు గోపాల్‌పేట నుంచి వచ్చింది. అక్కడి పాత విలేకరి మిత్రుడొకరు ఫోన్ చేసి, వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోతున్న ఆటోను లారీ గుద్దిందని, పోయినవారిలో మీ కంప్యూటర్ మేడం ఉన్నారని చెప్పాడు. ఉద్యోగ జీవితమంతా జిల్లా పేజీలకు ప్రమాద వార్తలు రాసినవాణ్ని. పేరు, ఊరు, వయసు అడిగి రాసుకోవడం అలవాటైపోయిన పని. ఆ పేరు విన్నాక మాత్రం మిగతావి అడగడానికి నోరు రాలేదు.

దుఃఖం ఒక రూపానికి రాకముందే కోపం వచ్చింది. దవాఖాన ముందు నిలబడి ఉండగా పరిచయస్తుడైన ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "బరువు తగ్గే సూదితోనే పోయిందంట గదా సార్?" అన్నాడు.

"లారీ గుద్దింది" అన్నాను.

"అది సరే. లోపల అప్పటికే ఖరాబై ఉంటది. అందుకే తట్టుకోలే."

లారీ గుద్దిన మనిషి చావును కూడా సూది మీదికి నెట్టగల లోకమిది. ఈ లోకంతోనే ఆమె ఇన్నాళ్లూ ఓపికగా మాట్లాడుతూ వచ్చారు.

ఎరగనివారి కోసం చెబుతాను. ఎస్తేరమ్మ గారిది ధరూర్ మండలంలో కృష్ణ ఒడ్డుకు దగ్గరి పల్లె. తల్లిదండ్రులు వలస కూలీలు. హాస్టళ్లలో ఉండి చదువుకుని, వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు కంప్యూటర్లు నేర్పారు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు రూతమ్మ నాగర్‌కర్నూల్‌లో కాపురం. ఎస్తేరమ్మ గారు భారీ మనిషి. ఆ సంగతి ఎవరూ ఎత్తకముందే తానే ఎత్తేవారు. షేర్ ఆటో ఎక్కుతూ డ్రైవర్‌తో, "ఇద్దరి పైసలు తీస్కో, కానీ ఇద్దరి మధ్యల కూసోపెట్టకు" అనేవారు. ఆటోలో నవ్వులు పడేవి. ఆమె కూడా నవ్వేవారు. ఆ నవ్వు కింద ఏముందో నాకు తెలియదు, నేనెన్నడూ అడగలేదు.

షుగర్, మోకాళ్ల నొప్పులు ముదిరాక డాక్టరు వారానికొకసారి వేసుకునే సూది రాశారు. ఒక్క కంపెనీ మందే దొరికే రోజులు పోయి, చాలా కంపెనీలు చేయడం మొదలుపెట్టిన కాలం. ఆమె మొదట వనపర్తిలో కొన్నారు. తర్వాతి నెల అక్కడ సరుకు లేదంటే గద్వాల పోయి కొన్నారు. అదే కంపెనీ, అదే సూది, వేరే రేటు. చెల్లెలితో నాగర్‌కర్నూల్‌లో అడిగిస్తే మూడో రేటు. ఇదేందని గద్వాల షాపతన్ని అడిగితే, "ఊరూరికి మారుతది మేడం, కూరగాయల లెక్క" అన్నాడట.

"వంకాయకు డబ్బా మీద రేటు అచ్చేసి ఉండదు గద తమ్మీ" అన్నారట ఈమె.

'సూది రేటు' అన్న వెబ్‌సైట్ అట్లా పుట్టింది. బరువు తగ్గే సూదులు మూడు పట్టణాల్లో ఎక్కడ ఎంతకు దొరుకుతున్నాయో పక్కపక్కన పెట్టి చూపే పేజీ. అంతకుమించి అందులో ఏమీ లేదు. ప్రకటనలు లేవు. ఖర్చు ఆమె జీతంలోంచే. రేటు షాపువాడు చెబితే పెట్టరు, కొన్నవాళ్లు బిల్లు ఫొటో పంపితేనే పెడతారు. పంపినవారి పేరు బయటికి రాదు. ఏ సూది మంచిదని అడిగితే ఒకటే జవాబు: "ఏది వేసుకోవాల్నో, అసలు వేసుకోవాల్నో వద్దో డాక్టర్‌ను అడుగు. ఎక్కడ ఎంతుందో నన్నడుగు."

వినడానికి ఎంత తేలిక. ఒక మనిషి తాను ఎంతకు కొన్నాడో చెప్పాలి, అంతే. ఆ ఒక్క మాట కోసం ఆమె పడ్డ పాట్లు చూస్తే, జిల్లాలో మరే పనైనా ఇంతకన్నా సులువనిపించేది.

మన దగ్గర ఒక మర్యాద ఉంది. దుకాణంలో తెలిసినవాడుంటే డబ్బా మీది రేటుకు కొనం. అతను కొంత తగ్గిస్తాడు. తగ్గిస్తూ అటూ ఇటూ చూసి, "నీకే ఇస్తున్న, ఎవరికి చెప్పకు" అంటాడు. మనం తలూపుతాం. ఆ తలూపడం మనకు ప్రమాణంతో సమానం. తమ్ముడికి కూడా చెప్పం. అట్లా సగం ఊరు తక్కువకు కొని నోరు మూసుకుంటుంది, తెలిసినవాళ్లు లేనివాళ్లు మాత్రం నిండు రేటు కట్టి, ఆ బిల్లు నిజాయితీగా ఎస్తేరమ్మ గారికి పంపుతారు. ఫలితంగా ఆమె పేజీలో ఎక్కువ రేట్లే నిండేవి.

ఒకసారి వనపర్తిలో ఒక పెళ్లి విందుకు నేనూ వెళ్లాను. ఎస్తేరమ్మ గారి కాలనీ ఆడవాళ్లు నలుగురు ఒక్కొక్కరే ఆమెను చేతులు కడిగే చోటుకు పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పి వెళ్తున్నారు. నాలుగో ఆమె పోయాక ఎస్తేరమ్మ గారు నేరుగా వాళ్లు కూర్చున్న బల్ల దగ్గరికి నడిచారు.

"అక్కా, మీ నలుగురికి సూది ఒక్కడే ఇచ్చిండు. ఒక్క రేటుకే ఇచ్చిండు. నలుగురికి కూడా 'నీకే' అన్నడు" అన్నారు.

ఒకామె, "నువ్వు బరువు సూది ఎప్పుడేసుకున్నవే? థైరాయిడ్ అంటివి" అని పక్కామెను పొడిచింది. పక్కామె, "నువ్వు పొద్దున నడిచి తగ్గిన అంటివి. ఏ తొవ్వల నడిచినవో" అంది. నలుగురూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

"నవ్వింది చాలు. బిల్లులు పంపుండ్రి" అన్నారు ఈమె.

నవ్వు ఆగిపోయింది. "మాటిచ్చినం గద ఎస్తేరూ. పాపం, మనోడే" అంది పెద్దామె.

ఒక్క బిల్లూ రాలేదు. అసలు అట్లా తగ్గించి అమ్మినదానికి బిల్లే ఇవ్వరని తర్వాత తెలిసింది. నా భార్యకు సూది కొన్నప్పుడు నాకూ అదే జరిగింది. పత్రికవాణ్నని తగ్గించి, బిల్లు లేకుండా ఇచ్చాడు. ఆ రేటు చెబుతాను, పెట్టండి అన్నాను. "బిల్లు లేనిది పెడితే రేపు ఎవరో కూసొని ఇష్టమొచ్చినట్టు రాస్తరు సార్. మీది కూడ పెట్ట" అన్నారు. ఆమె మొండితనం మీద నాకు విసుగు వచ్చిన రోజులు చాలానే ఉన్నాయి. చెప్పేవాళ్లు చెప్పరు, చెప్పినవాళ్లది ఈమె తీసుకోరు.

ఎందుకంత పట్టుదల అని ఒకసారి గట్టిగానే అడిగాను. ధరూర్ పక్క ఒక రైతు భార్య సంగతి చెప్పారు. మోకాలి ఆపరేషన్ చేయాలంటే ముందు బరువు తగ్గాలని డాక్టరు సూది రాశారు. గద్వాలలో డబ్బా మీది రేటుకు కొన్ని నెలలు కొని, వేరుశనగ పంట దెబ్బతినగానే ఆపేశారు. అదే షాపులో, అదే నెలల్లో, తెలిసినవాళ్లకు చాలా తక్కువకు పోతూ ఉంది. ఎస్తేరమ్మ గారు వాళ్లింటికి పోయి, "పెద్దమ్మా, తగ్గియ్యమని అడగలేదా?" అన్నారట.

ఆ ముసలామె మంచం మీంచి లేవలేక లేవలేక, "నాకు షాపుల ఎవరెరుక బిడ్డా?" అందట.

"ఎవరెరుక లేనోళ్లకు నేనెరుక కావాలె సార్. గంతే" అన్నారు ఎస్తేరమ్మ గారు. ఆమె ఈ పని ఎందుకు చేశారన్నదానికి నా దగ్గర ఇంతకన్నా వివరణ లేదు.

రేటు పక్కన ఆమె ఇంకో గడి పెట్టారు. సూది చల్లగా ఉంచి ఇచ్చారా లేదా అన్నది. ఈ మందు ఫ్రిజ్‌లో ఉండాల్సింది, ఎండలో పడితే పాడవుతుంది. మూడు పట్టణాల్లో అందరికన్నా తక్కువకు అమ్ముతున్న ఒక షాపుకు ఆమె స్వయంగా పోయి చూస్తే, కరెంటు పోయి ఉంది, ఫ్రిజ్ చెమటలు పడుతోంది, సూది మామూలు కవర్లో వేసి ఇస్తున్నారు. "మేడం, నువ్వు రేటు రాస్కపో. ఫ్రిజ్‌తోని నీకేం పని?" అన్నాడు షాపతను. "పాడైన మందు ఎంత తక్కువకిచ్చినా పిరమే" అని వచ్చేసి, ఆ రేటు పక్కన 'చల్లగా ఇవ్వడం లేదు' అని రాసి కిందికి దించారు.

ఆ తర్వాత మొదలైంది. ఎదుటి షాపు దగ్గర కమీషన్ తింటోందన్నారు. ఫోన్లలో ఆమె ఫొటో తిప్పి, ముందు నువ్వు తగ్గు అని రాశారు. ఆమె పేజీ చూసి మందు కొన్నవాళ్లు ఆ మాటలు చదివి ఊరుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు, ఆమె తమ దగ్గర చాయ్ కూడా తాగలేదని రాయలేదు. లావు గురించి అన్నదానికి ఆమె పట్టించుకోలేదు. కమీషన్ మాట మాత్రం లోపలికి దిగింది. కాలేజీలో పాఠం మధ్యలో ఆగిపోతున్నానని ఒకసారి చెప్పారు.

అదే సమయంలో ఒక హోల్‌సేల్ వ్యాపారి ఇంటికొచ్చాడు. వెబ్‌సైట్ ఖర్చంతా తాను పెట్టుకుంటానన్నాడు, తన షాపుల పేర్లు పైన ఉంటే చాలన్నాడు. మర్యాదగానే అడిగాడట. ఈమె చాయ్ పోసి, "పైన ఉండాల్నంటే తక్కువకు అమ్మండి సార్. పైసా ఖర్చు లేకుండ పైకొస్తరు" అన్నారు. కమీషన్ తింటోందన్న పేరు మోస్తూ, తినమని వచ్చినదాన్ని తిప్పి పంపిన మనిషి ఆమె. ఈ రెండో సంగతి ఊరికి తెలియదు. తెలియాలనే ఇక్కడ రాస్తున్నాను.

వనపర్తిలో సంతాప సభ జరిగింది. హాలు నిండింది. త్యాగశీలి అన్నారు, నిస్వార్థ సేవామూర్తి అన్నారు. నన్ను మాట్లాడమంటే లేచి, ఆమె బతికినన్నాళ్లు మనల్ని అడిగింది ఒక్కటేనని, మీరు ఈ నెల ఎంతకు కొన్నారో, బిల్లుతో, ఇంటికి పోయే ముందు పంపమని అడిగాను. చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక చెప్పుల దగ్గర ముగ్గురు నన్ను పక్కకు పిలిచి రేటు చెప్పారు. ముగ్గురూ, "మీకే చెప్తున్న సార్, బయట పెట్టకండి" అన్నారు.

ఆమె పోయినప్పటి నుంచి 'సూది రేటు'లో కొత్త రేటు ఒక్కటీ పడలేదు. ఆమెలాంటివారు మళ్లీ దొరకరన్న మాట ఇట్లాంటి వ్యాసాల్లో ఆనవాయితీగా రాస్తాం, నేనూ చాలామందికి రాశాను. ఈసారి ఆ మాట కలం నుంచి దిగడం కష్టంగా ఉంది, ఎందుకంటే ఇది నిజం. అందరి కోసం అడుగుతూ, అందరితో తిట్లు తింటూ, ఎవరి చేతిలోనూ పడకుండా నిలబడే మనిషిని మూడు జిల్లాల్లో ఎక్కడని వెతకాలి? ఆమె స్మృతికి చేతులెత్తి మొక్కుతున్నాను.

మొన్న నాగర్‌కర్నూల్ పోయి రూతమ్మను కలిశాను. ఆ హోల్‌సేల్ వ్యాపారి ఖర్చు పెట్టుకుంటానని మళ్లీ ఫోన్ చేశాడట. "అక్క వద్దన్నది నేనెట్ల తీస్కుంట సార్. కానీ జనం చెప్పకుంటే అండ్ల ఏం పెట్టాలె? ఎన్నాళ్లు నడుపాలె?" అంది. అంతలో బల్ల మీద అక్క ఫోన్ మోగింది. రూతమ్మ నాకూ వినపడేట్టు పెట్టింది. ఎవరో ఆడమనిషి.

"మేడం ఉన్నదామ్మా?"

"అక్క చనిపోయిందమ్మా. యాక్సిడెంట్ల."

"అయ్యో... మంచి మనిషుండె." ఆ వెంటనే ఆమే అడిగింది: "మరి ఈ నెల గద్వాలల ఎంత నడుస్తుందో మీకేమన్న ఎరుకనా?"

రూతమ్మ కళ్లు మూసుకుంది. "పోయిన నెల మీరు యాడ కొన్నరమ్మా? ఎంతకిచ్చిండు?"

"అది... వద్దులేమ్మా. మావోడే ఇచ్చిండు. వాని పేరు ఖరాబైతది."

అవతలామె ఫోన్ పెట్టేసింది. రూతమ్మ ఫోన్ బల్ల మీద పెట్టి, "అక్కకు రోజు గిట్లనేనా సార్?" అంది.

"రోజూ" అన్నాను.

ఫోన్ మళ్లీ మోగింది. రూతమ్మ కొంగుతో మొహం తుడుచుకుని తీసింది. "చెప్పండి" అంది.