అత్తమ్మ చుట్టిన కాయిల్

రేడియో గురించి నాకు తెలిసిందల్లా దాని మీద పెట్టిన చాయ్ చల్లారదని. ఆరో తరగతితో బడి మానేసినవాడికి ఆ మాత్రం జ్ఞానం చాలు.

డెబ్బైల చివర్లో ఒకరోజు వరంగల్‌లో మా అత్తవారింట్లో ఉన్నాను. ఆ సాయంత్రం మా మరదలు మొదటిసారి హైదరాబాద్ రేడియోలో పాడబోతోంది. వాళ్ల సెట్టులో హైదరాబాద్ పెడితే గరగర తప్ప ఏమీ వినిపించదు. బామ్మర్ది సెట్టు విప్పి, స్టేషన్లను పట్టే కంపెనీ కాయిల్, అంటే రాగితీగ చుట్ట, పీకేశాడు. రేడియో పిచ్చి ఉన్న దోస్తులు పైసా తీసుకోకుండా ఒకరికొకరు గీసిచ్చుకునే కాయిల్ నమూనా ఒకటి ముందు పెట్టుకున్నాడు. దాని ప్రకారం అత్తమ్మ, నేతనూలు కండెలు చుట్టే రాట్నం మీదే రాగితీగను ఒత్తుగా, సమంగా చుట్టి ఇచ్చింది.

"ఇన్నాళ్లు గరగరన్నా వచ్చేది. ఇగ అది గూడ పాయె" అన్నాను.

"జర ఆగు బావా" అన్నాడు బామ్మర్ది.

పాట వేళకు స్విచ్ వేస్తే చప్పుడే లేదు. అత్తమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది. బామ్మర్ది మెల్లగా ముల్లు తిప్పాడు. మరదలి గొంతు పక్కగదిలో పాడినంత స్పష్టంగా వచ్చింది. కంపెనీకి చేతకానిది తల్లీకొడుకులు ఇంట్లో కూర్చుని చేశారు. ఇప్పటికీ తలచుకుంటే ఆశ్చర్యమే.

పాట అయ్యాక, "నాకు ముందుగాలనే ఎరుక అత్తమ్మా, నీ చెయ్యి మీద నాకు నమ్మకం" అన్నాను.

"ఔ అల్లుడా, అందుకే గదా పక్కింట్ల విందామని చెప్పులేసుకొని దర్వాజ కాడ నిలబడ్డవు" అన్నది.