అడుగులు తీసేసిన పాట

పోయినవి లెక్కేస్తే ఇవి: పద్నాలుగు మంది ఆడవాళ్ల అడుగులు, ఒక డప్పు, ఒక మధ్యాహ్నం.

మా మేనల్లుడు హుకుంపేటలో నా కొట్టు వెనక గదిలో థ్రాష్ మెటల్ అని చెవులు పగిలే రాక్ పాటల ఆల్బమ్ చేశాడు. గిటార్లు కోతమిషన్లా కోస్తుంటే, పాడే గొంతు పందిలా గుర్రుమంటుంది. అదైనా భరించాను. ఒక పాటకి థింసా డప్పు, మా మన్యం ఆడవాళ్లు చేతులు కలిపి ఆడే ఆటకి కొట్టేది, కావాలంటే, కొండ మీది ఊరినుంచి వాయించే పెద్దాయన్ని నేనే పిలిచాను. చెవులకి హెడ్‌ఫోన్ పెడితే తీసేశాడు.

"ఆడేవాళ్ల కాళ్లు చూడకుండా ఏటి కొట్టమంటావు బాబూ?"

కబురు పెడితే ఆయన ఊరి ఆడవాళ్లు జీపులో వచ్చి పెరట్లో ఆడారు. ఆయన నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు కొట్టాడు; అడుగుల చప్పుడుతో సహా రికార్డయింది. అదంతా ఆల్బమ్‌లో వస్తుందని మాటిచ్చాను.

దరువు ఏడు, ఏడు, తొమ్మిదిగా పడుతోందని గొప్పకి కాగితం మీద రాసిచ్చింది కూడా నేనే. మేనల్లుడు ఆ అంకెల్ని కంప్యూటర్‌కి ఎక్కించి, దాంతోనే డప్పు కొట్టించి, అసలు రికార్డింగ్ చెరిపేశాడు.

"లెక్క నువ్వే ఇచ్చావు కదా మావయ్యా, ఇంక ఆయనెందుకు? ఆ అడుగులు చెత్తగా వినిపిస్తన్నాయి."

ఆల్బమ్ విన్నాను. నా అంకెలు ఒక్కటీ తప్పలేదు.

సంతలో కనబడ్డప్పుడల్లా పెద్దాయన "మా పాట వచ్చిందా బాబూ?" అంటాడు. నేటికీ నా బాకీ నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.